గురక ఆగితే జబ్బు ఆగినట్టేనా?

గురక పెట్టే మనిషి తనంతట తాను డాక్టరు దగ్గరికి రావడం అరుదు. ఇంట్లోవాళ్లు లాక్కొస్తారు. విశాఖలో ఏ ఈఎన్‌టీ డాక్టరు గది బయట కాసేపు కూర్చున్నా ఇదే వరస. “నాకేటీ లేదండి, ఈవిడే ఊరుకోదు” అని ఆయన. “గుర్రెట్టినంతసేపూ పర్వాలేదు డాక్టరుగారూ, మజ్జలో ఆగిపోద్ది చూడండి, అప్పుడే నాకు బయ్యమేస్తది” అని ఆవిడ. వైద్యానికి పనికొచ్చే మాట ఆవిడదే. గురక మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దంలో ఊపిరి ఆడటం లేదు. రాత్రంతా అలా ఆగుతూ, అందుకుంటూ, మళ్లీ ఆగుతూ ఉంటే దాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. గురక పెట్టే ప్రతివాడికీ ఇది ఉండదు. ఉన్నవాళ్లలో మాత్రం ఎక్కువమంది గురక పెడతారు.

గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని మన ఇళ్లలో పాత నమ్మకం. లోపల జరిగేది చూస్తే ఆ నమ్మకం నిలవదు. ముక్కుకు ఎముక ఆసరా ఉంది, కింద వాయునాళానికి మృదులాస్థి వలయాలున్నాయి. నడుమ ఉన్న గొంతుకు మాత్రం గట్టి గోడల్లేవు, అంతా కండే. ముందు మెత్తని అంగిలి, దాని చివర వేలాడే కొండనాలుక, అటూ ఇటూ టాన్సిల్స్, కింద నాలుక మొదలు. మెలకువగా ఉన్నంతసేపూ నాలుకను ముందుకు లాగి పట్టే కండరం ఆ దారిని తెరిచి ఉంచుతుంది. నిద్ర పడితే అది సడలుతుంది, కలలొచ్చే నిద్రలో మరీ సడలుతుంది. బీచ్ రోడ్డులో కొబ్బరిబోండాం తాగుతూ నానిపోయిన కాగితపు స్ట్రాను గట్టిగా పీల్చి చూడండి. మధ్యలో అతుక్కుపోతుంది, ఎంత బలంగా పీలిస్తే అంత బిగుసుకుంటుంది. గొంతులోనూ అదే సూత్రం. దారి ఇరుకైతే అంగిలి అదిరి గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే చప్పుడే ఉండదు. పక్కటెముకలు ఎగురుతుంటాయి, పొట్ట ఆడుతుంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు.

ఇలా కనీసం 10 సెకన్లు ఆగితే ఒక ఆప్నియాగా లెక్క. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, కండరాలు ఒక్కసారిగా బిగుస్తాయి, పెద్ద గుర్రుతో ఊపిరి అందుతుంది. ఆ మెలకువ కొన్ని సెకన్లదే కాబట్టి పొద్దున్నకి మనిషికి ఏదీ గుర్తుండదు. గుండెకు గుర్తుంటుంది. ప్రతిసారీ అడ్రినలిన్ ఎగదన్నుతుంది, రక్తపోటు పెరుగుతుంది. మూడు మాత్రలు వేసుకున్నా బీపీ దిగని వాళ్లలో ఈ జబ్బు కోసం వెతకాలని గుండె వైద్యులు అంటున్నది అందుకే. ఇంకో విచిత్రముంది. మూసుకున్న గొంతుతో ఊపిరి కోసం గుంజులాడినప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందనుకుని గుండె ఒక హార్మోను విడుదల చేస్తుంది, మూత్రం ఎక్కువగా తయారవుతుంది. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తున్న పెద్దాయన షుగరు పరీక్ష చేయించుకుంటాడు, ప్రోస్టేటు స్కాను చేయించుకుంటాడు. గురక సంగతి ఎవరూ అడగరు.

వైద్యశాస్త్రం కూడా దీన్ని ఆలస్యంగానే పట్టుకుంది. నిద్రలో గొంతు మూసుకుంటోందని 1965లో ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా రికార్డు చేశారు. ఇప్పుడు 30 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 94 కోట్లమందికి ఇది ఏదో ఒక స్థాయిలో ఉందని 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ పత్రికలో వచ్చిన అంచనా. మన దేశంలో పనిచేసే వయసువాళ్లలో 10 కోట్లు దాటి ఉంటారని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో లెక్కగట్టారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో చనిపోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరు వినబడింది. నాలుగు రోజులు పత్రికల్లో రాశారు, తర్వాత మరిచిపోయారు.

విశాఖకు ఈ సంగతి మిగతా ఊళ్లకంటే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఈ ఊరు రాత్రి నిద్రపోదు. ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు మండుతున్నంతకాలం వాటి పక్కన ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. 1933లో తెరుచుకున్న పోర్టులో ఓడలు పగలూ రాత్రీ చూసుకుని రావు. క్రేను మీద ఉండేవాడు, ఇంజను నడిపేవాడు, బొగ్గు ఎత్తుకుని జాతీయ రహదారెక్కే లారీ డ్రైవరు, వీళ్లందరి నిద్రా షిఫ్టుల ప్రకారం ముక్కలవుతుంది. నిద్ర చాలని గొంతు ఇంకా తేలిగ్గా మూసుకుంటుంది. డ్యూటీ దిగాక ఓ పెగ్గు వేసుకుంటే కండరాలు మరింత సడలుతాయి. పగలు తెర దించుకుని పడుకునే మనిషి గురకను వినడానికి ఇంట్లో ఎవరూ ఉండరు; భార్య పనిలో, పిల్లలు బడిలో. ఆప్నియా ఉందని చెప్పే సాక్షే లేకుండా పోతుంది.

అలా ఎవరికీ తెలియని ఆప్నియా డ్యూటీలో ఏం చేయగలదో చూడండి. 2013 డిసెంబరు 1న న్యూయార్క్ నగరంలో ఒక ప్యాసింజరు రైలు మలుపు దగ్గర పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. గంటకు 48 కిలోమీటర్లు మించకూడని చోట అది 130 దాటిన వేగంతో వచ్చింది. డ్రైవరు నిద్రలోకి జారాడు. ఆయనకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందనీ, అది ఎవరూ కనిపెట్టలేదనీ, రెండు వారాల ముందే ఆయన షిఫ్టు మారిందనీ అక్కడి రవాణా భద్రతా సంస్థ దర్యాప్తులో తేలింది. జబ్బూ, షిఫ్టూ రెండూ కలిసి చేసిన పని అది.

ఇక చికిత్స. ఏ కథైనా నిద్ర పరీక్షతో మొదలవ్వాలి. ముక్కు దగ్గర గాలి ప్రవాహం, ఛాతీ కదలిక, వేలికి ఆక్సిజన్ మీటరు, పూర్తి పరీక్షయితే తలకు మెదడు తరంగాల తీగలు కూడా పెట్టి రాత్రంతా రికార్డు చేస్తారు. చిన్న యంత్రంతో ఇంట్లో చేసే పరీక్షలూ ఉన్నాయి. రాత్రి షిఫ్టువాళ్లు తాము మామూలుగా పడుకునే వేళకే చేయమని అడగాలి. చివరికి ఒక అంకె వస్తుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క, దాన్నే ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు, 15 దాకా తేలిక, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 30 అంటే రెండు నిమిషాలకోసారి.

మధ్యస్థం, తీవ్రం అయినవాళ్లకు మొదటి చికిత్స ఇప్పటికీ సీప్యాప్ యంత్రమే. ముక్కుకు మాస్కు పెట్టి, సన్నని ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసుకోకుండా లోపలినుంచే నిలబెడుతుంది. సిడ్నీలో కోలిన్ సల్లివన్ 1981లో ఐదుగురు రోగుల మీద దీని ఫలితాలు ప్రకటించాడు. తొలి యంత్రానికి ఆయన వాడింది వాక్యూమ్ క్లీనరు మోటారే, పీల్చే బదులు ఊదేలా తిప్పి పెట్టాడు. పెట్టుకున్న రాత్రే పనిచేసే చికిత్స వైద్యంలో ఎన్ని ఉంటాయి? చిక్కల్లా పెట్టుకోవడంలోనే. మాస్కు ఒరుస్తుంది, నోరెండుతుంది, మే నెల విశాఖ ఉక్కలో మొహం చెమట పడుతుంది. కరెంటు లేకపోతే పనిచేయదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఈ ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది, అలాంటి వారంలో ఇన్వర్టరు లేని సీప్యాప్ రోగి గతేమిటో ఊహించుకోవచ్చు. భారత్‌తో సహా పలు దేశాల్లో 2,700 మందికి పైగా రోగులతో జరిపి 2016లో ప్రకటించిన ‘సేవ్’ అధ్యయనంలో సీప్యాప్ ఇచ్చినవాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. గుండెపోటు, పక్షవాతం తగ్గినట్టు ఆ అధ్యయనంలో కనబడకపోవడానికి అదీ ఒక కారణమని చాలామంది నిపుణులు అనుమానించారు.

మాస్కుతో విసిగినవాడి కళ్లు సహజంగానే “అరగంటలో గురక మాయం, కోత లేదు, కుట్టు లేదు” అనే ప్రకటన మీద పడతాయి. ఇక్కడే జాగ్రత్తగా నడవాలి. ఆ ప్రకటనల్లో అబద్ధం ఉండకపోవచ్చు. అవి గురక గురించి చెప్తాయి, ఆప్నియా గురించి చెప్పవు.

లేజరు కథ చూడండి. 1990 ప్రాంతంలో ఫ్రెంచి వైద్యుడు కమామీ, రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, మత్తుసూది మాత్రం వేసి, కొండనాలుకనూ అంగిలి అంచునూ లేజరుతో కత్తిరించే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. రక్తం కారదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. ప్రపంచమంతా ఎగబడింది. చాలామందికి గురక తగ్గిన మాట నిజం. కాలిన చోట మచ్చ కట్టి, ముడుచుకుని, కొందరిలో గొంతు ఇంకా ఇరుకైంది. చప్పుడు చేసే అంచు పోయింది కాబట్టి ఊపిరి ఆగుతున్న సంగతి పక్కనున్న మనిషికి కూడా తెలియదు. అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ ఆప్నియాకు దీన్ని సిఫారసు చేయలేదు. అంగిలి ఎక్కువ కోస్తే తాగిన నీళ్లు ముక్కులోకి రావడం, మాట ముక్కుతో పలకడం మరో బాధ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఏ అనుభవంతో అన్నారో గాని, ఈ వైద్యానికి అచ్చంగా అతికింది.

అంతకంటే సౌమ్యమైనది రేడియోఫ్రీక్వెన్సీ. 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో పావెల్, రైలీ బృందం దీన్ని గొంతుకు వాడటం మొదలెట్టింది. సూదిలాంటి ఎలక్ట్రోడును అంగిలి లోపలికి గుచ్చి, పైపొర కాలకుండా లోపలి కండను మాత్రం వేడెక్కిస్తారు. కొన్ని వారాల్లో ఆ చోట గట్టి మచ్చ ఏర్పడి అంగిలి బిగుస్తుంది, అదరడం తగ్గుతుంది. నొప్పి తక్కువ, మర్నాడు పనికి వెళ్లొచ్చు. ఒకసారితో సరిపోక రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు, ఏడాది రెండేళ్లకు గురక తిరిగి రావడమూ మామూలే. ఆప్నియా లేని ఉత్త గురకకు ఇది సమంజసమైన చికిత్స. తేలిక ఆప్నియాకు మాత్రం ఫిన్లాండ్ పరిశోధకులు అంగిలికి ఒక విడత నిజం చికిత్స కొందరికి, ఉత్తుత్తి చికిత్స కొందరికి చేసి పోల్చి చూస్తే తేడా కనబడలేదు. అంగిలిలో మూడు పాలిస్టరు పుల్లలు దూర్చి బిగువు తెచ్చే పిల్లర్ పద్ధతిదీ ఇంచుమించు ఇదే కథ. కొందరికి గురక తగ్గింది, కొందరికి పుల్ల బయటికి పొడుచుకొచ్చింది, ఆప్నియా మీద ప్రభావం స్వల్పం.

ఎందుకిలా? అంగిలి ఒక్కటే దోషి కాదు కాబట్టి. ఒకడి గొంతు అంగిలి దగ్గర మూసుకుంటుంది, ఒకడిది పక్కగోడల దగ్గర, ఒకడిది నాలుక మొదట్లో, ఒకడిది కొండనాలుక కింద ఎక్కడో ఉండే ఉపజిహ్విక (ఎపిగ్లాటిస్) దగ్గర. చాలామందికి రెండు మూడు చోట్ల. మెలకువగా ఉన్న మనిషి నోట్లో టార్చి వేసి చూస్తే ఇది తెలియదు. అందుకే లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ 1991లో ఒక ఉపాయం చెప్పారు. ఆపరేషన్ థియేటర్లో ప్రొపోఫాల్ వంటి మందుతో మనిషిని నిద్రపుచ్చి, గురక మొదలయ్యాక ముక్కులోంచి సన్నని గొట్టం కెమెరా పంపి, గొంతు ఎక్కడ కుప్పకూలుతోందో కళ్లారా చూడటం. స్లీప్ ఎండోస్కోపీ అని పిలుస్తున్న ఈ పరీక్ష ఇప్పుడు మన పెద్ద నగరాల్లోనూ చేస్తున్నారు. కోతకు ముందు ఈ చూపు లేకపోతే ఏ ఆపరేషనైనా గుడ్డిగా చేసినట్టే.

ఒక్క అంగిలితో ఆగకుండా రెండు చోట్లా చేస్తే ఫలితం మారుతుంది. ఆస్ట్రేలియాలో స్టువర్ట్ మెకే బృందం ఆరు ఆసుపత్రుల్లో, సీప్యాప్ తట్టుకోలేని 102 మందిని రెండు జట్లు చేసి 2020లో జామా పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఒక జట్టుకు అంగిలిని కోసి పారేయకుండా సరిదిద్ది, నాలుక మొదలును రేడియోఫ్రీక్వెన్సీతో కుదించారు. వాళ్ల సగటు ఏహెచ్ఐ 47.9 నుంచి 20.8కి దిగింది. మామూలు వైద్యం సాగించిన రెండో జట్టులో 45.3 నుంచి 34.5కే. పగటి నిద్రమత్తు కూడా ఆపరేషన్ జట్టులోనే బాగా తగ్గింది. మంచి ఫలితమే. కాని 20.8 అన్నది ఇంకా మధ్యస్థ ఆప్నియా. జబ్బు తగ్గింది, పోలేదు. ఈ తేడా రోగికి ముందే చెప్పే డాక్టరు దొరికితే అదృష్టం.

శస్త్రచికిత్స ధోరణి కూడా మారింది. ఒకప్పుడు కోసి తీసేయడమే వైద్యం. ఇప్పుడు ఇటలీ వైద్యుడు విచినీ బృందం ప్రచారం చేసిన పద్ధతిలో, ముళ్లున్న దారంతో అంగిలి కండరాన్ని పక్కకీ ముందుకీ లాగి కుట్టేస్తారు. ముడి వేయాల్సిన పని కూడా ఉండదు, ముళ్లే పట్టి ఉంచుతాయి. ఉన్న కండ ఉన్నట్టే ఉంటుంది, దారి వెడల్పవుతుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం నాలుక నరానికి విద్యుత్ స్పర్శ. పేస్‌మేకరులాంటి డబ్బీని ఛాతీ చర్మం కింద పెట్టి, దాని తీగను దవడ కింద నాలుకను కదిలించే నరానికి కలుపుతారు. రోగి పడుకునేముందు రిమోటుతో ఆన్ చేస్తాడు. పీల్చే ప్రతి ఊపిరికీ యంత్రం నరాన్ని మీటుతుంది, నాలుక ముందుకు జరుగుతుంది, గొంతు తెరుచుకుంటుంది. 126 మంది మీద జరిపిన ‘స్టార్’ అధ్యయనంలో ఏడాది తర్వాత ఏహెచ్ఐ మధ్యగతం (మీడియన్) 29.3 నుంచి 9కి పడిపోయింది. 2014లో అమెరికా అనుమతించింది. అంగిలి చుట్టూరా ఒకేసారి మూసుకునే గొంతు అయితే పనిచేయదని అప్పటి నియమం, మళ్లీ స్లీప్ ఎండోస్కోపీ కావాల్సిందే. ధర మాత్రం స్టీల్‌ప్లాంటు ఉద్యోగి జీతానికి కూడా అందేది కాదు. ఇప్పటికి మన పాఠకులకు ఇది కబురు మాత్రమే.

ముక్కు సంగతి రెండు మాటలు. వంకర దూలం సరిచేసినా, లోపల ఉబ్బిన కండను కుదించినా ఆప్నియా అంకె పెద్దగా దిగదు. కాని ముక్కు తెరుచుకుంటే సీప్యాప్ పెట్టుకోవడం సుఖమవుతుంది. ఆ ఒక్క లాభానికైనా చేయించుకోవచ్చు. పిల్లల విషయం వేరు: వాళ్లకు ఎక్కువగా అడినాయిడ్లు, టాన్సిల్సే అడ్డం, వాటిని తీసేస్తే చాలామందికి నిద్ర బాగుపడుతుంది.

కోత లేనివాటిలో పళ్ల డాక్టరు కొలతలు తీసుకుని చేసే దవడ పరికరం మనవాళ్లు మరిచిపోతున్న మంచి మార్గం. రాత్రి పెట్టుకుంటే కింది దవడ కొన్ని మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, నాలుక కూడా దాంతోపాటే వస్తుంది. తేలిక, మధ్యస్థ ఆప్నియాకు బాగా పనిచేస్తుంది, కరెంటు అక్కర్లేదు. కొందరికి దవడ కీలు నొప్పి పెడుతుంది, పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు కొద్దిగా మారుతుంది. బరువు సంగతి అందరికీ తెలిసిందే అయినా అంకె చెప్తే నమ్మకం కుదురుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ ప్రజలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్ఐ దాదాపు 26 శాతం తగ్గింది. 2024 డిసెంబరులో బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో కూడిన మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు అమెరికా అనుమతించింది. ఈ జబ్బుకు అనుమతి పొందిన తొలి మందు అదే. అయితే సన్నగా ఉన్నవాళ్లు ధీమాగా ఉండనక్కర్లేదు. దవడ చిన్నదైతే, లోపలికి ఉంటే, తక్కువ బరువుకే ఆప్నియా రావడం ఆసియా ప్రజల్లో తరచూ చూస్తున్నారు.

విశాఖలో ఈఎన్‌టీ ప్రభుత్వాసుపత్రీ ఛాతీ ఆసుపత్రీ రెండూ పెదవాల్తేరులోనే ఉన్నాయి, రెండూ 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమే. ఈ జబ్బు సరిగ్గా ఆ ఇద్దరు డాక్టర్ల మధ్య ఉంటుంది. ఒకరు గొంతు చూస్తారు, ఒకరు ఊపిరి చూస్తారు. రోగి ఎవరి దగ్గరికి ముందు వెళ్తే వాళ్ల చేతిలో ఉన్న చికిత్సే దొరకడం ఏ ఊళ్లోనైనా జరిగేదే. కాబట్టి ఏ చిన్న కోతకైనా సంతకం పెట్టేముందు మూడు సంగతులు అడగండి. నా ఏహెచ్ఐ ఎంత? నా గొంతు ఎక్కడ మూసుకుంటోంది, ఎలా చూశారు? చికిత్స అయిన మూడు నాలుగు నెలలకు నిద్ర పరీక్ష మళ్లీ చేస్తారా? మూడోదానికి “గురక తగ్గితే చాలు కదండీ” అన్న జవాబు వస్తే ఆ కుర్చీ లోంచి లేచి రావడమే మంచిది. ఆప్నియా ఉన్నవాళ్లు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, అది మోకాలిదైనా సరే, మత్తు డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి.

ఇంకో విన్నపం ఉక్కు కర్మాగారానికీ, పోర్టుకూ, లారీ యజమానులకూ. మీ కార్మికులకు వైద్య పరీక్షలు చేస్తారు: కళ్లు, చెవులు, బీపీ, షుగరు. వాటికి నాలుగు ప్రశ్నలు కలపండి: గురక వస్తుందా, పగలు కూర్చున్నచోట కునుకు వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా. టేపుతో మెడ కొలత కూడా తీసుకోండి. టొరంటోలో ఫ్రాన్సిస్ చంగ్ 2008లో తయారుచేసిన ప్రశ్నావళి ఈ నాలుగింటికే వయసు, బరువు, లింగం, 40 సెంటీమీటర్ల మెడ కలిపింది. ఖర్చు ఒక కాగితం, ఒక టేపు. అనుమానం వచ్చినవాణ్ని ఉద్యోగం నుంచి తీసేస్తామని భయపెట్టకండి, భయపెడితే ఎవడూ నిజం చెప్పడు. పరీక్ష చేయించి, చికిత్స ఇప్పించి, మళ్లీ క్రేను ఎక్కించండి.